కాళ్ళలో ఉబ్బిన నరాలు: చికిత్స ఎలా ఉంటుంది, కోలుకోవడం ఎలా?



వైద్య శిబిరాల్లో కూర్చునే డాక్టరుగా నేను ఒక విషయం గమనించాను. బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు వాటి గురించి తామే వచ్చి చెబుతారు. కాలి నరాలు ఉబ్బినవాళ్ళు మాత్రం చెప్పరు. షుగరు చూపించుకోవడానికి వచ్చి, చీటీ తీసుకుని, లేచి వెళ్ళేటప్పుడు "డాక్టర్ సాబ్, ఈ కాలు కూడా ఒకసారి చూస్తారా?" అని ప్యాంటు అంచు పైకి లాగుతారు. ఆడవాళ్ళు అది కూడా చేయరు. సల్వార్ కింద, బురఖా కింద ఏళ్ళ తరబడి దాచుకుంటారు.

అలా వచ్చినవారిలో ఒక కటింగ్ మాస్టర్ నాకు బాగా గుర్తు. వయసు 50 దాటింది. రోజుకు పది గంటలు బల్ల దగ్గర నిలబడి బట్ట కత్తిరించే పని. ఎడమ చీలమండకు కాస్త పైన, లోపలి వైపు రూపాయి బిళ్ళకన్నా పెద్ద పుండు. రెండేళ్ళుగా మానలేదు. పూయని ఆయింట్‌మెంట్ లేదు, కట్టని ఆకు లేదు. ఆస్పత్రికి పోతే కాలు తీసేస్తారేమోనన్న భయం. పుండు నుంచి నీరు కారి వాసన వస్తోందని మసీదుకు వెళ్ళడం తగ్గించేశారు. జుమా రోజు చివరి సఫ్‌లో తలుపు పక్కన నిలబడి, సలాం తిప్పగానే వెళ్ళిపోయేవారు. పక్కవాడికి ఇబ్బంది కలుగుతుందని ఆయన బాధ.

ఆయన జబ్బు ఆ పుండులో లేదు, దాని పైన తొడ దాకా ఉన్న ఒక నరంలో ఉంది. ఆ నరానికి చికిత్స చేయడానికి గంట కూడా పట్టలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. ఉబ్బిన నరాల జబ్బుకు ఈనాడు మంచి చికిత్స ఉంది, చాలామందికి కోత కూడా ఉండదు, మంచం పట్టాల్సిన పని అసలే లేదు. తెలియక, భయంతో ఆలస్యం చేయడం వల్లనే నష్టం జరుగుతోంది.

ముందుగా, నరం అంటే ఏది?

మన వాడుక భాషలో 'నరం' అనే ఒక్క మాటనే రెండింటికి వాడతాం. స్పర్శను, నొప్పిని మెదడుకు చేరవేసేవీ నరాలే, చెయ్యి మీద నీలంగా కనిపించే రక్తనాళాలూ నరాలే. ఈ గందరగోళం వల్ల ఎందరో 'నరాల బలహీనత' అనుకుని నెలల తరబడి బలం ఇంజెక్షన్లు పొడిపించుకుంటారు. వెరికోస్ వీన్స్ అనేది రక్తనాళాల జబ్బు. గుండె నుంచి రక్తాన్ని తీసుకొచ్చే గొట్టాలు ధమనులు. రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే గొట్టాలు సిరలు. ఉబ్బేది ఈ సిరలే. అందుకే ఈ జబ్బుకు చూపించుకోవాల్సింది జనరల్ సర్జన్‌కు గానీ, రక్తనాళాల సర్జన్‌కు గానీ. ఈ వ్యాసంలో మన అలవాటు ప్రకారం నరం అనే రాస్తాను, సిర అని అర్థం చేసుకోండి.

రక్తం ఎందుకు నిలిచిపోతుంది?

పాదం నుంచి గుండె వరకు రక్తం ఎదురెక్కాలి. దీనికి రెండు ఏర్పాట్లు ఉన్నాయి. ఒకటి పిక్క కండరం. నడిచినప్పుడల్లా అది బిగిసి, లోపలి సిరలను పిండి, రక్తాన్ని పైకి తోస్తుంది. అందుకే పిక్కను 'రెండో గుండె' అంటారు. రెండోది సిరల లోపల ఉండే సన్నని కవాటాలు. ఇవి ఒకే వైపు తెరుచుకునే తలుపుల లాంటివి. పైకి వెళ్ళిన రక్తాన్ని కిందికి జారనివ్వవు. అల్లాహ్ సృష్టిలోని ఈ అమరిక ఎంత సూక్ష్మమైనదో, అది చెడినప్పుడే మనకు తెలిసివస్తుంది.

ఈ తలుపులు వదులైతే రక్తం కిందికి జారి నిలిచిపోతుంది. ఆ బరువుకు చర్మం కింద ఉన్న సిరలు సాగి, మెలికలు తిరిగి, పైకి ఉబ్బుతాయి. ఎక్కువగా చెడేది చీలమండ లోపలి వైపు నుంచి గజ్జ దాకా పోయే పొడవాటి సిర. కొందరిలో పిక్క వెనక ఉండే చిన్న సిర కూడా చెడుతుంది.

ఇది వంశపారంపర్యంగా రావచ్చు. వయసు, అధిక బరువు, వరుస కాన్పులు, గతంలో లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టడం కూడా కారణాలే. వీటికి తోడు కదలకుండా గంటల తరబడి నిలబడే పని. హోటల్లో డేగ్ దగ్గర నిలబడే వంటవారు, మాంసం దుకాణంలో, బేకరీలో, కౌంటర్ల వెనక పనిచేసేవారు, క్షురకులు, ఉపాధ్యాయులు, ఇంట్లో పొద్దుటి నుంచి పొయ్యి ముందే ఉండే తల్లులు, అక్కచెల్లెళ్ళు. మనలో చాలామంది బతుకుతెరువు నిలబడి చేసే పనే కదా.

జబ్బు మెట్లు

ఈ జబ్బు ఒక్కరోజులో ముదరదు, మెట్టు మెట్టుగా పెరుగుతుంది. మొదట సాలెగూడు లాంటి సన్నని ఎర్రటి, నీలపు గీతలు కనిపిస్తాయి. తర్వాత తాడులా మెలికలు తిరిగిన నరాలు. తర్వాత సాయంత్రానికి చీలమండ దగ్గర వాపు. అక్కడి నుంచి చర్మం మారడం మొదలవుతుంది. చీలమండ లోపలి వైపు నల్లబడుతుంది, దురద పెడుతుంది, గట్టిపడుతుంది. ఆ మెట్టు దాటితే పుండు పడుతుంది. ఒకసారి మానిన పుండు మళ్ళీ తెరుచుకోవచ్చు.

సాయంత్రానికి కాళ్ళు బరువెక్కడం, లాగడం, రాత్రి పిక్కలు పట్టేయడం ఈ దారిలో తోడుగా వచ్చే లక్షణాలు. కాళ్ళు పైకి పెట్టుకుంటే హాయిగా అనిపిస్తుంది. నరాలు మాత్రమే కనిపిస్తూ మరే బాధా లేకపోతే తొందరపడనవసరం లేదు. చర్మం నల్లబడిందంటే ఆలస్యం చేయకూడదు. నేను చూసిన పుండ్లలో చాలావాటికి ముందు ఏళ్ళ తరబడి ఆ నల్లమచ్చ ఉంది. 'ఏదో గజ్జి' అని ఊరుకున్నారు.

పరీక్ష ఎలా చేస్తారు?

డాక్టరు మిమ్మల్ని నిలబెట్టి చూడాలి. పడుకుంటే రక్తం గుండె వైపు పోయి నరాలు అణిగిపోతాయి, జబ్బు కనిపించదు. ఆ తర్వాత కలర్ డాప్లర్ స్కాన్ చేస్తారు. గర్భిణులకు చేసే స్కాన్ లాంటిదే ఇది. సూది ఉండదు, నొప్పి ఉండదు, పరగడుపున రానక్కర్లేదు. నిలబెట్టి, పిక్కను నొక్కి వదిలి, రక్తం వెనక్కి ఎంతసేపు జారుతోందో కొలుస్తారు. పైపై సిరల్లో అర సెకనుకు మించి జారితే కవాటం చెడిందని లెక్క. లోపలి పెద్ద సిరలు బాగున్నాయో లేదో కూడా ఈ స్కాన్‌లోనే తెలుస్తుంది. డాప్లర్ లేకుండా ఆపరేషన్‌కు తేదీ ఇస్తే ఒప్పుకోవద్దు.

స్కాన్ గజ్జ దాకా చేయాల్సి ఉంటుంది కాబట్టి మహిళలు సంకోచిస్తారు. మహిళా డాక్టరు ఉన్న చోటికి వెళ్ళండి, లేదా ముందే అడిగి సమయం తీసుకోండి. దుప్పటి కప్పి, అవసరమైన భాగం వరకే తెరిచి చేస్తారు. పక్కన ఇంటివారిని ఉంచమని అడగడం మీ హక్కు. వైద్య అవసరానికి ధర్మంలో వెసులుబాటు ఉందని ఆలిములు చెబుతారు. పరదా కోసం చికిత్సనే వదులుకోనక్కర్లేదు.

షుగరు ఉన్నవారికి, పొగ తాగేవారికి ఒక ముఖ్యమైన మాట. మీ ధమనుల్లో రక్తం సరిగా పారుతోందో లేదో ముందు చూపించుకోవాలి. ధమనులు సన్నబడిన కాలికి బిగుతు మేజోళ్ళు తొడిగితే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

ఏయే చికిత్సలు ఉన్నాయి?

ఈ జబ్బుకు వైద్యం కొత్తది కాదు. వెయ్యేళ్ళ క్రితం అందలూసియాలో కుర్తుబా పక్కనున్న జహ్రా నగరపు శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం అజ్జహ్రావీ, 30 భాగాల తన 'అత్తస్రీఫ్' గ్రంథంలో కాలి ఉబ్బునరాలను కోసి తీసే పద్ధతిని వివరించారు. 20వ శతాబ్దమంతా ఆస్పత్రుల్లో జరిగింది కూడా దాదాపు అదే. గజ్జ దగ్గర కోసి, సిరను ముడివేసి, కిందికి లాగి తీసేయడం. మన పెద్దలు 'నరాలు లాగే ఆపరేషన్' అని భయపడేది దీనికే. ఇప్పటికీ కొందరికి ఇది అవసరమే, కాని చాలామందికి అవసరం లేదు.

మేజోళ్ళు: బిగుతుగా ఉండే ప్రత్యేక మేజోళ్ళు కాలిని బయటి నుంచి ఒత్తి రక్తాన్ని పైకి పంపుతాయి. బరువు, వాపు తగ్గుతాయి. కాని చెడిన కవాటాన్ని బాగుచేయవు. వేసుకున్నంతసేపే ఫలితం. గర్భిణులకు, చికిత్సకు వీలులేని వృద్ధులకు ఇవి బాగా పనికొస్తాయి.

వేడితో మూసే పద్ధతి: లేజర్, రేడియో ఫ్రీక్వెన్సీ అనే రెండు రకాలు. సూది రంధ్రం గుండా సన్నని తీగను సిరలోకి పంపి, లోపలి నుంచి వేడిచేసి దాన్ని మూసేస్తారు. రేడియో ఫ్రీక్వెన్సీలో సుమారు 7 సెంటీమీటర్ల భాగాన్ని 20 సెకన్ల పాటు 120 డిగ్రీల సెల్సియస్ వేడికి గురిచేసి, కొంచెం కిందికి జరుపుకుంటూ పోతారు. బ్రిటన్‌లోని జాతీయ వైద్య మార్గదర్శక సంస్థ నైస్, 2013లోనే తొలి ఎంపికగా ఈ వేడి పద్ధతులను సిఫారసు చేసింది. ఇవి కుదరకపోతే నురుగు ఇంజెక్షన్, అదీ కుదరకపోతే కోత ఆపరేషన్ అన్నది ఆ వరుస.

నురుగు ఇంజెక్షన్: మందును నురుగులా చేసి సిరలోకి ఎక్కిస్తారు. సిర గోడలు అతుక్కుపోతాయి. చిన్న నరాలకు, పుండు చుట్టూ ఉన్నవాటికి, మళ్ళీ వచ్చినవాటికి అనువైనది. ఒకటికి మించి విడతలు పట్టవచ్చు.

జిగురు పద్ధతి: వైద్యానికి వాడే ప్రత్యేక జిగురుతో సిరను అతికిస్తారు. తొడ పొడవునా మత్తు సూదులు అక్కర్లేదు, ఖర్చు ఎక్కువ. కొద్దిమందికి అలర్జీ రావచ్చు.

పైకి కనిపించే మెలికలు పెద్దవైతే, రెండు మూడు మిల్లీమీటర్ల గాట్లు పెట్టి వాటిని తీసేస్తారు. కుట్లు కూడా పడవు.

చికిత్స రోజున ఏం జరుగుతుంది?

లేజర్‌కో రేడియో ఫ్రీక్వెన్సీకో వెళ్తున్నారనుకుందాం. మీరు వాడే మందులన్నీ, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే అవి కూడా, ముందే డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు ఏదీ ఆపవద్దు. నిలబెట్టి, పెన్నుతో నరాల మీద గీతలు గీస్తారు. తర్వాత పడుకోబెట్టి, మోకాలి దగ్గర చిన్న సూదితో మత్తిచ్చి తీగను పంపుతారు. సిర పొడవునా మత్తు కలిపిన నీటిని ఎక్కిస్తారు. ఎక్కువ ఇబ్బంది కలిగేది ఈ సూదుల దగ్గరే, అదీ కొన్ని నిమిషాలే. ఆ నీరు చుట్టూ ఉన్న కండకు వేడి తగలకుండా కాపాడుతుంది. వేడిచేసేటప్పుడు నొప్పి తెలియదు. మొత్తం ముప్పావు గంట నుంచి గంట.

తర్వాత కట్టు కట్టి లేదా మేజోడు తొడిగి, "లేచి నడవండి" అంటారు. చాలామంది ఆశ్చర్యపోతారు. ఆపరేషన్ అయితే పడుకోవాలి కదా అనుకుంటారు. ఇక్కడ నడకే మందు. పిక్క కండరం పనిచేస్తుంటే లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. అరగంట అటూ ఇటూ నడిచి, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తారు. బండి మీద మాత్రం మీరే నడుపుకుంటూ వెళ్ళవద్దు, తోడు తెచ్చుకోండి.

ఇంటికి వచ్చాక

మొదటి రెండు రోజులు: కట్టు డాక్టరు చెప్పినంతసేపు ఉంచాలి, తడపకూడదు. గంట గంటకూ కాసేపు ఇంట్లో నడవాలి. కూర్చున్నప్పుడు కాలిని ఎత్తు మీద పెట్టాలి. చూడవచ్చిన బంధువులు "పడుకో, లేవకు" అంటారు. ప్రేమతోనే అంటారు, కాని వినవద్దు.

మొదటి వారం: రోజుకు రెండు మూడు సార్లు, మొత్తం అరగంటకు తగ్గకుండా నడక. తొడ లోపలి వైపు కమిలి నీలం, పసుపు రంగు తేలడం మామూలే. డాప్లర్ మళ్ళీ చేసి సిర మూసుకుందో లేదో, లోపలి సిరలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూస్తారు. బాగానే ఉంది కదా అని ఈ స్కాన్‌ను ఎగ్గొట్టవద్దు.

అయిదో రోజు నుంచి పదో రోజు: ఇక్కడ చాలామంది కంగారుపడతారు. అంతవరకు తగ్గినట్టున్న నొప్పి తిరిగి వస్తుంది. తొడ లోపల తాడు బిగదీసినట్టు లాగుతుంది. మూసుకున్న సిర గట్టిపడి కుంచించుకుపోతోందన్న గుర్తు అది. మామూలు నొప్పి మాత్ర, నడక చాలు. కిడ్నీ జబ్బు, కడుపులో అల్సర్ ఉన్నవారు ఏ మాత్ర వేసుకోవాలో అడిగే వేసుకోవాలి.

పనికి ఎప్పుడు? కూర్చుని చేసే పనికి రెండు మూడు రోజుల్లో వెళ్ళవచ్చు. నిలబడి చేసే పనికి, బరువులెత్తే పనికి ఒకటి రెండు వారాలు ఆగాలి. మేజోళ్ళు సాధారణంగా ఒకటి రెండు వారాలు, పుండు ఉన్నవారికి ఇంకా ఎక్కువ కాలం అవసరం.

మూడు నెలల వరకు: అక్కడక్కడ చేతికి తగిలే గడ్డలు మెల్లగా కరుగుతాయి. నురుగు ఇంజెక్షన్ చేసిన చోట గోధుమరంగు మచ్చ పోవడానికి నెలలు పడుతుంది. కొందరికి పిక్క మీద అరచేతి మేర తిమ్మిరి ఉండవచ్చు, చాలావరకు అదే తగ్గుతుంది. ఏళ్ళ తరబడి నల్లబడిన చర్మం మాత్రం పూర్తిగా పాత రంగుకు రాకపోవచ్చు. ఆ సంగతి ముందే తెలిస్తే నిరాశ ఉండదు.

వెంటనే ఆస్పత్రికి వెళ్ళాల్సిన లక్షణాలు ఇవి: పిక్క మొత్తం ఒక్కసారిగా వాచి బిగుసుకుని నొప్పిపెట్టడం, ఆయాసం, ఛాతీలో నొప్పి, జ్వరంతో పాటు గాటు దగ్గర ఎర్రదనం, చీము. మొదటి మూడూ రక్తం గడ్డకట్టడానికి సూచనలు కావచ్చు. ఇది అరుదు, కాని ప్రాణాంతకం. తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.

నమాజు, వుజూ, ప్రయాణాలు

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవే. వైద్యపరంగా చెప్పాలంటే నిలబడడం, రుకూ, సజ్దా కాలికి చేటు చేయవు. మోకాలు మడిస్తే లాగుతున్న కొద్ది రోజులు కుర్చీ మీద చదువుకోండి. తరావీహ్‌లో ఎక్కువసేపు నిలబడేవారు మేజోళ్ళు వేసుకుని, నాలుగు రకాతుల మధ్య విరామంలో నాలుగడుగులు వేయడం మంచిది.

కట్టు తడపకూడని రోజుల్లో కట్టు మీద మసహ్ చేసే వెసులుబాటు షరీఅత్‌లో ఉంది. పుండు నుంచి ఎడతెగక నీరు కారేవారిని ఫిఖహ్‌లో 'మాజూర్' అంటారు, వారికి ప్రత్యేక నియమాలు ఉన్నాయి. బిగుతు మేజోళ్ళ మీద మసహ్ సంగతి మీ మసీదు ఇమాం గారినో, ముఫ్తీ గారినో అడగండి. వేళ్ళు బయటికి కనిపించే రకం మేజోళ్ళు దొరుకుతాయి, తీసి వేసుకోవడం కాస్త తేలిక. ఫజ్ర్ వుజూ అయ్యాక కాలు బాగా తుడుచుకుని, వాపు దిగక ముందే తొడుక్కుంటే మంచిది. పడుకునేటప్పుడు తీసేయాలి. పై అంచును మడవకూడదు, అక్కడ తాడు కట్టినట్టు బిగుస్తుంది. సాగిపోయిన మేజోడు పనిచేయదు, నాలుగు నుంచి ఆరు నెలలకు మార్చాలి.

ఉమ్రాకు, హజ్‌కు వెళ్ళేవారు ప్రయాణం దగ్గర పెట్టుకుని చికిత్స చేయించుకోవద్దు. దూరపు విమాన ప్రయాణానికి, చికిత్సకు మధ్య కనీసం నాలుగు వారాలు ఉంచుకోవడం మంచిది. చికిత్స కాని వారు విమానంలో మేజోళ్ళు వేసుకుని, నీళ్ళు బాగా తాగుతూ, మధ్య మధ్య లేచి నడవాలి. తవాఫ్, సయీల నడక పిక్కకు మేలే చేస్తుంది.

చేయకూడని పనులు

ఉబ్బిన నరం మీద గట్టిగా నూనె మర్దన చేయవద్దు. కాపడం పెట్టవద్దు. పుండు మీద పసుపు, సున్నం, ఆకుల పసర్లు వేయవద్దు.

హిజామా గురించి కూడా చెప్పాలి. హిజామాను మనం సున్నత్‌గా గౌరవిస్తాం. కాని ఉబ్బిన నరం మీద, నల్లబడిన చర్మం మీద, పుండు దగ్గర కప్పు గానీ బ్లేడు గానీ పెట్టించుకోకూడదు. అక్కడ ఒత్తిడితో నిండిన రక్తం ఉంటుంది, చర్మం కాగితంలా పలచబడి ఉంటుంది. రక్తం ఆగకపోవచ్చు, గాటే పుండు కావచ్చు. హిజామా తెలిసినవారు కూడా ఈ చోట్లను వదిలేస్తారు. కవాటం చెడినందువల్ల వచ్చిన జబ్బు కాబట్టి, ఎంత రక్తం తీసినా మళ్ళీ అక్కడే నిండుతుంది.

గోరు తగిలో, దెబ్బ తగిలో నరం చిట్లితే రక్తం ధారగా కారుతుంది. భయపడవద్దు. వెంటనే పడుకోబెట్టి, కాలిని గుండెకన్నా ఎత్తుకు లేపి, శుభ్రమైన గుడ్డతో 10 నుంచి 15 నిమిషాలు వదలకుండా నొక్కిపట్టాలి. పైన తాడు బిగించి కట్టకూడదు. తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. కూర్చోబెట్టి ఉంచితే రక్తం ఆగదు. ఈ చిన్న విషయం తెలియక కొందరు ప్రమాదం తెచ్చుకుంటారు.

కొన్ని సందేహాలు

నరం మూసేస్తే రక్తం ఎటు పోతుంది? కాలి రక్తంలో సుమారు 90 శాతం లోపలి పెద్ద సిరల గుండానే పోతుంది. చెడిన పైసిర మేలు చేయడం మానేసి, రక్తాన్ని వెనక్కి జారుస్తోంది. దాన్ని మూస్తే రక్తం మంచి దారి పడుతుంది.

రేపు గుండెకు బైపాస్ అవసరమైతే ఈ సిర కావాలంటారు కదా? నిజమే, బైపాస్‌కు ఆ సిరను వాడతారు. కాని సాగి మెలికలు తిరిగిన సిర సాధారణంగా అందుకు పనికిరాదు. గుండెకు రొమ్ము ధమని, చేతి ధమని కూడా వాడుతున్నారు.

మాత్రలతో తగ్గదా? డయాస్మిన్ లాంటి మాత్రలు బరువును, వాపును కొంత తగ్గిస్తాయి. కవాటాన్ని బాగుచేయవు.

మళ్ళీ వస్తాయా? మూసిన సిర చాలావరకు మూసుకునే ఉంటుంది. ఏళ్ళు గడిచాక కొత్త సిరలు చెడవచ్చు. అందుకే బరువు తగ్గడం, రోజూ నడక, నిలబడే చోటే మడమలు ఎత్తి దించడం జీవితాంతం ఉండాలి.

గర్భిణులు ఏం చేయాలి? కాన్పు తర్వాత నరాలు చాలావరకు తగ్గుతాయి. అప్పటిదాకా మేజోళ్ళు, నడక, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం చాలు. చికిత్స సంగతి కాన్పయి కొన్ని నెలలు గడిచాక చూడాలి.

ఖర్చు, మన బాధ్యత

చికిత్సను బట్టి, ఆస్పత్రిని బట్టి ఖర్చు మారుతుంది. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, ఆయుష్మాన్ భారత్ లాంటి పథకాల కింద ఏ పద్ధతికి అనుమతి ఉందో నెట్‌వర్క్ ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను చేరకముందే అడగండి. ప్రభుత్వ బోధనాసుపత్రుల జనరల్ సర్జరీ విభాగాల్లోనూ ఈ ఆపరేషన్లు చేస్తారు. హైదరాబాదు నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. అందం కోసం చేసే సాలెగూడు నరాల చికిత్స వేరు, పుండు పడబోయే కాలికి చేసే చికిత్స వేరు. చేతిలో ఉన్న కొద్ది డబ్బు రెండోదానికే ఖర్చుపెట్టాలి.

పుండు పడ్డాక ముందు పుండును మాన్పి, తర్వాతే నరం సంగతి చూద్దామనేది పాత పద్ధతి. బ్రిటన్‌లో 450 మంది రోగులపై జరిపి 2018లో ప్రచురించిన 'ఎవ్రా' అధ్యయనం ఈ ఆలోచనను మార్చింది. బిగుతు కట్లతో పాటు నరానికి వెంటనే చికిత్స చేసినవారిలో పుండు మానడానికి పట్టిన మధ్యస్థ కాలం 56 రోజులు. నరం చికిత్సను వాయిదా వేసినవారిలో అది 82 రోజులు. కూలి మీద బతికే ఇంటికి ఈ 26 రోజుల తేడా చిన్నది కాదు.

మన శిబిరాల్లో కార్యకర్తలకు నాదొక విన్నపం. షుగరు పరీక్షకు వరుసలో నిలబడ్డవారిని "కాళ్ళు బరువెక్కుతాయా? చీలమండ దగ్గర నల్లమచ్చ ఉందా?" అని అడగండి. మహిళలను మహిళా కార్యకర్తలు అడగాలి. మచ్చ దశలో ఒకరిని డాక్టరు దగ్గరికి పంపితే, ఏళ్ళ తరబడి పుండుతో బాధపడకుండా ఒకరిని కాపాడినట్టే. పేదవారికి ఒక జత మంచి మేజోళ్ళు కొనివ్వడం కూడా సదఖాయే.

ఆ కటింగ్ మాస్టర్‌కు నరం మూసి, వారం వారం బిగుతు కట్టు మార్చారు. మొదట వాసన పోయింది, తర్వాత నీరు ఆగింది. మూడు నెలలు దాటకముందే పుండు మూసుకుంది. నల్లమచ్చ ఇప్పటికీ ఉంది. ఇప్పుడు ఆయన బల్ల పక్కన ఒక ఎత్తు స్టూలు పెట్టుకున్నారు. అజాన్ వినపడగానే పని ఆపి మసీదు దాకా నడిచి వెళ్తారు, డాక్టరు చెప్పిన నడక కూడా అందులోనే అయిపోతుందని నవ్వుతారు. మొన్న జుమాకు నేను వెళ్ళేసరికి ఆయన మొదటి సఫ్‌లో ఉన్నారు.

వైద్యం చేయించుకోవాలని మనకు బోధించినవారు మన ప్రవక్త (స). చికిత్స మన ప్రయత్నం, స్వస్థత అల్లాహ్ చేతిలో ఉంది. ఈ సాయంత్రం ఇంట్లో అమ్మనో, నాన్ననో నిలబెట్టి వారి కాళ్ళ వైపు ఒకసారి చూడండి. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, ఆయన ముందు నిలబడే శక్తిని ప్రసాదించుగాక. ఆమీన్.